ఉపమానం - ఆత్మదర్శనం

దావీదు రాజు వద్దకు నాతాను అనే ప్రవక్త వచ్చి ఒక చిన్న కథ చెప్పాడు. ఒక ఊరిలో ఒక ధనవంతుడు, ఒక దరిద్రుడు ఉన్నారు. ధనవంతునికి మందలకొద్దీ గొర్రెలున్నాయి. దరిద్రునికి ఉన్నది ఒక్క గొర్రెపిల్ల. అది అతని బిడ్డలతోపాటు, వారి కంచంలోనిదే తిని పెరిగింది. ఒకనాడు ధనవంతుని ఇంటికి అతిథి వచ్చాడు. తన మందను ముట్టుకోవడానికి మనసొప్పక, ఆ ధనవంతుడు దరిద్రుని గొర్రెపిల్లను పట్టి తెప్పించి విందు చేశాడు. కథ విన్న దావీదు ఆగ్రహించి, అటువంటివాడు మరణశిక్షకే తగునన్నాడు. ఆ మనుష్యుడు మరెవరో కాదు, రాజేనని నాతాను తెలిపాడు. ఊరియా భార్యను ఆశించి, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలిపి చంపించిన రాజు తనపై తానే తీర్పు చెప్పుకున్నాడు.

బైబిలు పాత నిబంధనలోని ఈ ఘట్టం ఉపమానం పనిచేసే తీరును చక్కగా తెలుపుతుంది. నేరుగా నిందిస్తే మనిషి తనను సమర్థించుకుంటాడు. కథలోని పరాయివానిని గురించి అడిగితే మాత్రం నిజాయితీగా తీర్పు చెబుతాడు. ఆ తీర్పు తిరిగి తన గుమ్మంలోకే రావడం ఉపమానానికున్న శక్తి. గ్రీకు భాషలో ఉపమానాన్ని తెలిపే పదానికి ‘పక్కపక్కన ఉంచడం’ అని అర్థం. సంస్కృతంలోని ‘ఉపమానం’ అన్న మాటలోనూ దగ్గర ఉంచి కొలవడమనే భావమే ఉంది. కథను జీవితం పక్కన ఉంచి కొలుచుకోవలసినవాడు శ్రోత.

యేసు చెప్పిన ఉపమానాలను తొలి శతాబ్దాల పండితులు చాలావరకు సంకేతాలుగా చదివారు. ‘మంచి సమరయుడు’ కథకు సెయింట్ అగస్టీన్ చేసిన వ్యాఖ్యానం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన దృష్టిలో దోపిడికి గురైనవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, సత్రం సంఘం, సత్రం యజమాని పౌలు! 19వ శతాబ్ది చివర జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్ ఈ పద్ధతిని ఖండించి, ఉపమానానికి ఒకే ప్రధానాంశం ఉంటుందని వాదించాడు. పండితుల వాదం ఎలా ఉన్నా, సామాన్య పాఠకుడు అడిగే ప్రశ్న వేరు. ఈ కథలో తన చోటు ఏది అన్నదే అతని ప్రశ్న.

ఆంగ్లకవి మిల్టన్ 1652 నాటికి పూర్తిగా చూపు కోల్పోయాడు. అప్పటికింకా ‘పారడైజ్ లాస్ట్’ రాయలేదు. తన అంధత్వాన్ని గురించి రాసిన పద్యంలో ఆయన మత్తయి సువార్తలోని తలాంతుల ఉపమానాన్ని తలచుకున్నాడు. యజమాని అప్పగించిన ఒక్క తలాంతును నేలలో పాతిపెట్టిన దాసుడు చివరకు వెలుపలి చీకటిలోకి తోసివేయబడతాడు. ఇక రాయలేనేమోనని భయపడిన అంధకవికి ఆ చీకటి అలంకారం మాత్రమే కాదు. తలాంతు అంటే నిజానికి వెండి తూకం. ఒక కూలీ దాదాపు 20 ఏళ్లు కష్టపడితే వచ్చే సొమ్ము. ఈ ఉపమానం వల్లనే ఆ మాటకు ఆంగ్లంలో ప్రతిభ అనే అర్థం స్థిరపడింది. తెలుగు క్రైస్తవులు సైతం బాగా పాడేవారిని తలాంతు గలవారంటారు.

వ్యక్తిగత అన్వయానికి ఇంతకన్నా విపులమైన సాక్ష్యం హెన్రీ నౌవెన్ జీవితంలో కనిపిస్తుంది. 1932లో నెదర్లాండ్స్‌లో జన్మించిన ఈ కాథలిక్ గురువు యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలలో బోధించాడు. 1983లో, సుదీర్ఘ ఉపన్యాస యాత్ర ముగించుకొని అలసిపోయి ఉన్న రోజులలో, ఫ్రాన్సులోని త్రోస్లీ గ్రామంలో ఒక గది తలుపు మీద అంటించిన బొమ్మ ఆయన కంటబడింది. అది ‘తప్పిపోయిన కుమారుడు’ తిరిగి వచ్చిన దృశ్యాన్ని రెంబ్రాంట్ చిత్రించిన వర్ణచిత్రానికి నకలు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఆ కథ అందరికీ తెలిసినదే. అయినా అందులోని కాఠిన్యం ఒక్కోసారి దృష్టికి రాదు. తండ్రి బతికి ఉండగానే ఆస్తిలో భాగం అడగడం ఆయన చావును కోరడంతో సమానం. ఆ సొమ్మును దుబారా చేసిన చిన్న కుమారుడు చివరకు పందులను మేపాడు. యూదునికి అంతకు మించిన పతనం లేదు. అతడు తిరిగి వస్తూ ఇంకా దూరాన ఉండగానే తండ్రి చూసి పరుగెత్తాడు. ఆ కాలంలో గౌరవనీయుడైన పెద్దమనిషి వీధిలో పరుగెత్తడం పరువు తక్కువ పని. ఆయన పరువును లెక్కచేయలేదు.

నౌవెన్ మొదట తనను చిన్న కుమారునిలో చూసుకున్నాడు. పేరు కోసం, మెప్పు కోసం దేశదేశాలు తిరిగి అలసిన తాను ఇంటికి చేరాలనుకున్నాడు. 1986లో నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియానికి వెళ్లి, మూలచిత్రం ఎదుట గంటల తరబడి కూర్చున్నాడు. గొరిగిన తల, అరిగిన చెప్పులు, ఒక పాదం బయటపడిన ఆ యువకునిపై తండ్రి ఉంచిన రెండు చేతులు ఒకే విధంగా లేవని గమనించాడు. ఒకటి బలమైన తండ్రి చేయి, మరొకటి మృదువైన తల్లి చేయి వలె ఆయనకు తోచాయి.

ఆ తరువాత ఒక మిత్రుడు, నీవు పెద్ద కుమారునివేమో ఆలోచించమన్నాడు. ఆ మాట ఆయనకు బాణంలా తగిలింది. నలుగురు పిల్లలలో పెద్దవాడు, ఏనాడూ ఇల్లు దాటి తప్పు దారిన పోనివాడు, విధేయుడు. అయితే ఆ విధేయత అడుగున అసూయ, గొణుగుడు దాగి ఉన్నాయని ఆయన ఒప్పుకున్నాడు. తప్పు చేసినవాని పశ్చాత్తాపం కంటికి కనిపిస్తుంది. మంచివాని కోపం అతనికే కనిపించదు. అందుకే పెద్ద కుమారుని పాత్ర పాఠకుణ్ణి ఎక్కువగా బాధిస్తుంది.

అదే ఏడాది నౌవెన్ విశ్వవిద్యాలయాల కీర్తిని వదిలి, కెనడాలో టొరంటో సమీపంలో మానసిక వైకల్యం గలవారు నివసించే డేబ్రేక్ అనే సమాజంలో చేరాడు. తన పుస్తకాలేవీ చదవలేని ఒక యువకునికి రోజూ స్నానం చేయించి, దుస్తులు తొడిగి, భోజనం పెట్టడం ఆయన పని అయింది. 1987 చివర తీవ్రమైన మనోవేదనకు లోనై కొన్ని నెలలు అక్కడినుండి దూరమయ్యాడు. ఆయన చిన్న కుమారుడైనా, పెద్ద కుమారుడైనా చివరకు తండ్రి కావలసినవాడేనని ఆ సమాజంలోని ఒక సహచరి ఆయనతో అంది. ఆదరణ కోరడం మాని, వచ్చినవారిని ఆదరించే వయసు వచ్చిందని దాని భావం. ఈ మూడు దశల ప్రయాణాన్ని ఆయన 1992లో పుస్తకంగా వెలువరించాడు.

1996 సెప్టెంబరులో, ఆ చిత్రం గురించిన డాక్యుమెంటరీ కోసం రష్యాకు బయలుదేరిన నౌవెన్ దారిలో నెదర్లాండ్స్‌లో ఆగి, గుండెపోటుతో అక్కడే మరణించాడు. హెర్మిటేజ్‌లోని చిత్రంలో కుడివైపున ఎర్రని అంగీతో, చేతులు కట్టుకుని నిలబడిన వ్యక్తి పెద్ద కుమారుడేనని ఆయన నమ్మాడు. కథలో తండ్రి అతని కోసం కూడా బయటకు వచ్చి బతిమాలాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు.