జట్టు కడితే చెన్నపట్నం మనదే!

చెన్నై: శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయిపోతుంది. ఊరికి పోదామంటే బస్సులో సీటు దొరకదు. గదిలో ఉండిపోదామంటే ఫోను తప్ప తోడుండదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి ఉద్యోగానికో చదువుకో కొత్తగా చెన్నై చేరిన కుర్రకారుకు మొదటి నెల ఇలాగే గడుస్తుంది. ఆ తర్వాత ఏ మెస్‌లోనో పక్క బల్ల దగ్గర 'కాస్త గోంగూర వేయన్నా' అన్న మాట వినబడుతుంది. అక్కడ మొదలవుతుంది స్నేహం. మరో వారానికి జట్టు తయార్!

ఈ జట్లలో రెండు రకాల తెలుగువాళ్లు కనిపిస్తారు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. తమిళం మాత్రం 'ఎన్న', 'ఎంగే'తో ఆగిపోతుంది. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న ఇళ్ల పిల్లలు అటు తమిళం, ఇటు తెలుగు గలగలా మాట్లాడతారు. తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. 'మీది సినిమా తెలుగు' అని వీళ్లు, 'మీది అరవ తెలుగు' అని వాళ్లు సరదాగా ఆట పట్టించుకుంటారు. విడివిడిగా తిరిగితే ఇద్దరికీ ఊరు సగమే అర్థమవుతుంది. కలిసి తిరిగితేనే పూర్తిగా కనబడుతుంది. శని, ఆదివారాలు రెండూ చేతిలో ఉంటే చాలు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చూద్దాం.

ఎగ్మూరులో అమరావతి

సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కితే సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ స్టేషన్లో దిగొచ్చు. అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే ఎగ్మూరు. అక్కడి పాంథియన్ రోడ్డులో 1851లో ఏర్పాటైన ప్రభుత్వ మ్యూజియం ఉంది. చెన్నై వచ్చి పదేళ్లయినా లోపలికి వెళ్లని తెలుగువాళ్లు ఎందరో! అమరావతి స్తూపం తవ్వకాల్లో 19వ శతాబ్దంలో బయటపడిన సున్నపురాతి శిల్పాల్లో కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి తరలిపోయాయి. ఇక్కడ మిగిలినవాటికి ప్రత్యేక గదే కేటాయించారు. మన ఊరి శిల్పాలను చూడటానికి లండన్ దాకా పోనక్కర్లేదు, ఎగ్మూరు వస్తే చాలు.

అదే ఆవరణలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి ఇక్కడికి పంపాలని 1954లో చట్టం చేశారు. అందుకే తెలుగు పుస్తకాలకు లోటు లేదు. ఇక్కడ కొత్తగా వచ్చిన కుర్రాడిదే పైచేయి. అట్టల మీద పేర్లు అతను చదువుతుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన నేస్తం చెవులప్పగించి వింటాడు. బయటికొచ్చి బస్సు ఎక్కేటప్పుడు పాత్రలు మారిపోతాయి. బోర్డు మీది తమిళం చదివి 'రా, రా.. ఇదే మన బస్సు' అని చేయి పట్టి లాగేది ఆ నేస్తమే.

టి.నగర్‌లో ఆ పేరు ఎవరిది?

సాయంత్రం ఎగ్మూరులో లోకల్ ఎక్కి నాలుగో స్టేషన్ మాంబళంలో దిగితే ఎదురుగా రంగనాథన్ వీధి. జనం తోస్తుంటే మన ప్రమేయం లేకుండానే ముందుకు పోతాం. బేరాలాడి బట్టలు కొనుక్కున్నాక కాస్త ఆగి, ఈ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. టి.నగర్ అంటే త్యాగరాయ నగర్. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరది. ఆయన తెలుగువారు. నడిమధ్యలో ఉన్న పానగల్ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయనింగారు శ్రీకాళహస్తిలో పుట్టారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఈ ఊరి పేరు వెనకా తెలుగు నాయకులే ఉన్నారు. 1639లో ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోవడానికి చోటిచ్చిన దామెర్ల సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం వెలిసిందంటారు.

పాండీ బజారులో 2019లో రోడ్డు పక్క నడక బాట వెడల్పు చేశారు. కాళ్లు నొప్పి పుడితే బెంచీల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు.

వడపళనిలో మాయాబజారు

ఆదివారం పొద్దున్నే వడపళని మురుగన్ గుడి. దర్శనమయ్యాక విజయా-వాహినీ స్టూడియోలుండిన చోటికి వెళ్లొచ్చు. ఇప్పుడక్కడ ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. 1957లో వచ్చిన 'మాయాబజార్' తీసింది ఇక్కడే. దాన్ని తెలుగులో, తమిళంలో వేర్వేరుగా తీశారు. తెలుగులో ఎన్టీ రామారావు కృష్ణుడు, తమిళంలోనూ ఆయనే! నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మొదలుపెట్టిన 'చందమామ' కూడా అంతే. అదే కథల పత్రిక తమిళ పిల్లలకు 'అంబులిమామ'. పత్రిక ఇప్పుడు రాకపోయినా, జట్టులో ఇద్దరి ఇళ్లల్లోనూ తాతయ్యలు ఒకే విక్రమార్కుడి కథ చెప్పి ఉంటారు.

మైలాపూరులో కాసేపు మౌనం

మైలాపూరులో కపాలీశ్వరుని గుడి, కోనేరు, చుట్టూ మాడవీధులు చూశాక లజ్ చర్చి రోడ్డులోని నాగేశ్వరరావు పార్కులో కాసేపు సేదతీరొచ్చు. అమృతాంజనం కనిపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1914లో 'ఆంధ్రపత్రిక'ను దినపత్రికగా ఈ ఊరి నుంచే తెచ్చారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబర్ 16న ఒప్పందం కుదిరింది మైలాపూరులోని ఆయన ఇల్లు 'శ్రీబాగ్'లోనే.

అక్కడికి దగ్గరలోనే, రాయపేట హైరోడ్డులో మాటలు ఆగిపోయే చోటుంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58వ రోజున, డిసెంబర్ 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. పుట్టింది ఈ ఊళ్లోనే, ప్రాణం వదిలిందీ ఈ ఊళ్లోనే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు మాత్రం రాలేదు. 'మద్రాస్ మనదే' అన్న నినాదం చరిత్రలో కలిసిపోయింది. 1960లో సరిహద్దు మార్పుల్లో తిరుత్తణి కూడా అటు పోయింది. గీత పడింది కానీ, గీతకు ఇటూ అటూ మనుషులు ఉండనే ఉన్నారు.

మెరీనాలో లెక్క సరి

సాయంత్రం మెరీనా. తేంగా మాంగా పట్టాణి సుండల్ పొట్లం పట్టుకుని బీచ్ రోడ్డులో నడిస్తే కాల్డ్వెల్ విగ్రహం కనిపిస్తుంది. తమిళం, తెలుగు ఒకే కుటుంబం భాషలని 1856లో పెద్ద గ్రంథం రాశాడాయన. అంతకు 40 ఏళ్ల ముందే, 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ ఆ మాట తేల్చి చెప్పాడు. చెప్పింది ఎక్కడో కాదు, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలో! ఊరు, పేరు, నీరు.. చివర ఉకారం తీసేస్తే తమిళమే. పోలీసు స్టేషన్ మీద 'కావల్ నిలయం' అని ఉంటే ఎవరికో ఏదో కావాలని కాదు, మన కావలి మాటే అది.

బడిలో పోయింది.. జట్టులో దొరికేనా?

ఇదంతా సరదా కోసమే కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు మాతృభాషగా ఉన్న పిల్లలు పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇంట్లో మాట నిలబడినా, అక్షరం జారిపోతున్న ఇళ్లు ఎన్నో. అది చూసి ఇక్కడివాళ్లను తప్పుపట్టడం కొత్తగా వచ్చినవాళ్లకు తేలిక. పదేళ్లు ఇక్కడే ఉండి నాలుగు తమిళ అక్షరాలు నేర్చుకోని తమ సంగతి మాత్రం గుర్తుకు రాదు.

రెండు రోజుల తిరుగుడులో ఒకరు బస్సు బోర్డు చదివి పెడితే, ఇంకొకరు పుస్తకం అట్ట చదివి పెడతారు. అలా వారానికి నాలుగక్షరాలు ఇచ్చిపుచ్చుకున్నా ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ రెండు లిపులూ వస్తాయి. ఖర్చు లేదు, ఫీజు లేదు. కావాల్సింది పక్క బల్ల వైపు తిరిగి 'ఏ ఊరన్నా మీది?' అని అడిగే చొరవ.

వెళ్లే ముందు..

* ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. శని, ఆదివారాల్లో చూడొచ్చు.
* వడపళనికి సెంట్రల్ నుంచి నేరుగా మెట్రో ఉంది. మైలాపూరుకు బీచ్-వేళచ్చేరి రైలులో తిరుమయిలై స్టేషన్లో దిగాలి.
* గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున్నే వెళ్లడం మేలు.
* మెరీనాలో అలల్లోకి దిగొద్దు. లోతు, లాగుడు రెండూ ఎక్కువే.
* సూళ్లూరుపేట వైపు వెళ్లేవాళ్లు ఆఖరి లోకల్ వేళ ముందే కనుక్కోవాలి.