తెమడను కదిలించే కోటు

హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో తీసే పాటకో, దెయ్యం సన్నివేశానికో పొగ కావాలి. తెర మీద ఆ పొగ నిమిషంపాటు కనిపిస్తుంది. పొగ పెట్టే మనిషి, లైట్లు మోసే కుర్రాడు మాత్రం పూటంతా అందులోనే ఉంటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 101 మంది సినిమా, నాటక సిబ్బందిని పరీక్షించిన పరిశోధకులు, పొగయంత్రాలకు దగ్గరగా పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల పనితీరు తగ్గినట్టు 2005లో ప్రకటించారు.

అయితే సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి వినిపించే దగ్గుకు పొగ ఒక్కదాన్నే తప్పు పట్టలేం. మన దేశంలో పాత టీబీ పెద్ద కారణం. 31 కేంద్రాల్లో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ (గాలిగొట్టాలు సాగిపోయే జబ్బు) రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురిస్తే, వారిలో 35.5 శాతం మందికి ఆ జబ్బు టీబీ తర్వాత వచ్చిందే. టీబీ నయమవుతుంది, కానీ గాలిగొట్టాలు సాగి, వదులై మిగిలిపోతాయి. లోపలి గోడ మీద తెమడను పైకి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. తెమడ అడుగున నిలిచి, అందులో క్రిములు పెరిగి, గోడను ఇంకా పాడుచేస్తాయి. మందులెన్ని వేసినా ఆ తెమడను బయటికి తీయక తప్పదు.

తెమడ తీయడానికి పాత పద్ధతి చేతులే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వారెన్ వార్విక్ అనే పిల్లల డాక్టరు, పుట్టుకతోనే తెమడ చిక్కబడే సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులను చూసేవాడు. తల్లిదండ్రులు రోజూ పిల్లల్ని వాలుగా పడుకోబెట్టి, గుంట చేసిన అరచేతులతో ఛాతీ, వీపు తట్టాలి. పిల్లాడు పెద్దవాడై ఒంటరిగా ఉంటే తట్టేదెవరు?

దారి చూపింది కెనడాలో మాల్కమ్ కింగ్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగం. కుక్కల ఛాతీని బయటి నుంచి వేగంగా నొక్కి వదిలితే, సెకనుకు 13 సార్ల దగ్గర శ్వాసనాళంలో తెమడ మామూలు కంటే మూడు రెట్లకు పైగా వేగంగా కదిలింది. వార్విక్, లేలండ్ హాన్సెన్‌తో కలిసి దీన్ని మనుషులు తొడుక్కునే కోటుగా మలిచాడు. 1988లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది.

కోటు లోపల గాలితిత్తి, దానికి రెండు గొట్టాలు, పక్కన గాలిని దఫదఫాలుగా కొట్టే పెట్టె. ప్రతి నొక్కుకూ ఊపిరితిత్తుల్లోంచి కొద్దిపాటి గాలి విసురుగా బయటికి వస్తుంది. ఆ విసురుకు తెమడ గోడను వదిలి, పలచబడి, పెద్ద గొట్టాల్లోకి చేరుతుంది. అరగంట లోపు కూర్చుంటే చాలు, మధ్యమధ్య ఆపి దగ్గి ఉమ్మేయాలి. కోటు తెమడను కదుపుతుందే కానీ బయటికి తెచ్చేది దగ్గే.

తర్వాత ఈ యంత్రానికి గట్టి పరీక్షే ఎదురైంది. కెనడాలో 107 మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో కొందరికి కోటు, కొందరికి ఊపిరి వదిలేటప్పుడు అడ్డుపడే చిన్న మాస్కు ఇచ్చి ఏడాది చూశారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం మాస్కువాళ్లకు జబ్బు సగటున 1.14 సార్లు తిరగబెడితే, కోటువాళ్లకు 2 సార్లు. చవక పరికరమే గెలిచింది. ఈ జబ్బున్న ప్రతి పేదింటికీ చెప్పాల్సిన సంగతి ఇది. అలాగని కోటు వృథా కాదు. ఊపిరి కసరత్తు చేసే ఓపిక లేనివాళ్లకు, తట్టే మనిషి లేనివాళ్లకు అది నిజమైన ఆసరా.

కనుక అప్పు చేసి కోటు కొనేముందు ఫిజియోథెరపిస్టును కలవండి. నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అని బలంగా గాలి వదలడం నేర్పమని అడగండి. దానికి ఖర్చు లేదు. తెమడలో రక్తం పడుతున్నా, పక్కటెముక విరిగినా డాక్టరు చెప్పకుండా కోటు తొడగవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు టీబీ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం, కృష్ణానగర్‌కు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దూరమేమీ కాదు.