అడుగు చూడని బోటుకు అడ్వాన్సు ఇవ్వొద్దు

గిలకలదిండి, నిజాంపట్నం రేవుల్లోనూ, విజయవాడ చుట్టుపక్కల కృష్ణ ఒడ్డునా పాత బోట్లు చేతులు మారుతూనే ఉంటాయి. కొత్త మరబోటు కట్టించే స్తోమత అందరికీ ఉండదు. నగలు కుదువపెట్టి, బంధువుల దగ్గర చేబదుళ్లు తెచ్చి పాతది కొంటారు. ఆ సొమ్ము వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఆ బోటెక్కే సరంగు, కళాసీల ప్రాణాలు దాని పలకల మీద ఆధారపడి ఉంటాయి. ఇంత పెద్ద వ్యవహారంలో బేరం మాత్రం తరచూ మూడింటి మీదే తేలిపోతుంది: పైన వేసిన రంగు, ఇంజన్ మోత, మధ్యవర్తి మాట. రేవుల్లో బలంగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే దీనికి కారణం.

అపోహ: ఇంజన్ బాగుంటే బోటు బాగున్నట్టే.

వాస్తవం: ఇంజన్ చెడితే మార్చుకోవచ్చు. మన తీరంలో చాలా మరబోట్లలో ఉన్నవి లారీ ఇంజన్ల కుటుంబానికి చెందినవే. సామాన్లు దొరుకుతాయి, విప్పి బిగించగల మేస్త్రీలూ ఉన్నారు. అడుగు పోయిన బోటుకు అలాంటి దారి లేదు. వెన్నుదూలం పుచ్చినా, పక్క పలకలు లోపల గుల్లబారినా ఆ మరమ్మతు ఖర్చు ఒక్కోసారి కొన్న ధరను దాటుతుంది. అందుకే చూడాల్సింది ముందు అడుగు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే ఇంజన్. మనం సరిగ్గా తిరగేసి చూస్తున్నాం.

నీళ్లలో తేలుతున్న బోటులో సగం మనకు కనబడదు. కనబడని ఆ సగమే బోటును తేల్చేది. ఒడ్డుకెక్కించి చూపించడానికి అమ్మే ఆసామి ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయాలి. తెరచాప యాట్లు ఎక్కువగా అమ్ముడయ్యే దేశాల్లో ఒప్పందంలోనే ఈ షరతు రాసుకుంటారు: కొనేవాడు కొంత బయానా ఇస్తాడు, బోటును నీళ్లలోంచి లేపి సర్వేయరు చేత పరీక్ష చేయిస్తాడు, సముద్రంలో నడిపి చూస్తాడు. లోపాలు బయటపడితే ధర తగ్గుతుంది, లేదా బయానా వెనక్కి వస్తుంది. మన రేవుల్లోనూ ఇదే మాట తెల్లకాగితం మీద రాయించుకోవడానికి ఏ అడ్డూ లేదు.

అపోహ: వేట నిషేధం ముగిసే ముందు కొంటే మంచి బోటు దొరుకుతుంది.

వాస్తవం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆగిపోతుంది. మరమ్మతులకు బోట్లు ఒడ్డుకెక్కేది ఆ రోజుల్లోనే కాబట్టి అడుగు చూడటానికి అదే సరైన కాలం. అయితే నిషేధం మొదట్లో చూడటానికీ, చివర్లో చూడటానికీ చాలా తేడా ఉంది. మొదటి వారాల్లో అడుగున అంటుకున్న గుల్లల్ని గీకుతారు, పాత రంగు ఊడుతుంది, కలప ఏ స్థితిలో ఉందో పైకే తెలుస్తుంది. జూన్ వచ్చేసరికి లప్పం పెట్టి, రంగు వేసి, బోటు పేరు కొత్తగా రాయించి, దండ కూడా వేస్తారు. పుచ్చిన చోటూ గట్టి చోటూ అప్పుడు ఒకేలా మెరుస్తాయి. కొనదలచినవారు ఏప్రిల్‌లోనే వెళ్లాలి. గీకే రోజున అక్కడ నిలబడి చూస్తే, ఎంత చదివినా తెలియని సంగతులు తెలుస్తాయి.

అపోహ: కలప బోటుకు శత్రువు ఉప్పునీరు. మంచినీళ్లలో తిరిగిన బోటు అయితే భయం లేదు.

వాస్తవం: కృష్ణా డెల్టా బోట్ల విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పైన ప్రకాశం బ్యారేజీ వెనక మంచినీళ్లు, కింద నాగాయలంక, ఏటిమొగ, హంసలదీవి వైపు పోటుపాట్లతో మారే ఉప్పునీళ్లు. రెండు చోట్లా కలపకు చేటుంది, కానీ ఆ చేటు ఒకటి కాదు.

ఉప్పునీళ్లలో ఉండేది కొయ్యను తొలిచే టెరిడో. జనం పురుగంటారు కానీ అది ఆల్చిప్పల జాతికి చెందిన ప్రాణి. పిల్లగా ఉన్నప్పుడు సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి దూరుతుంది. తర్వాత పలక లోపలే పెరుగుతూ పొడవునా సొరంగం తవ్వుతుంది. అందుకే పైన చూస్తే పలక నున్నగా ఉంటుంది, లోపల డొల్ల. ఉప్పు బాగా తగ్గిన నీళ్లలో అది ఎక్కువకాలం బతకలేదు. ఓడను కొన్నాళ్లు నదిలో నిలిపి ఉంచి దీని పీడ వదిలించుకోవడం పూర్వం అనేక దేశాల నావికులకు తెలిసిన ఉపాయం.

మంచినీళ్లు చేసే చేటు వేరు. కలప కుళ్లడమంటే శిలీంధ్రం పట్టడమే. దానికి తడీ గాలీ రెండూ కావాలి. నిత్యం ఉప్పునీటిలో మునిగి ఉండే పలకను అది అంత తేలిగ్గా పట్టదు. వాన నీరు నిలిచే డెక్కు మూలలు, ఇంజన్ గది పైకప్పు, పక్కపలకలు డెక్కును కలిసే చోటు, వీటినే ముందుగా పడుతుంది. బోటు బయటంతా కొట్టి చూసి డెక్కు కింద దీపం వేసి చూడనివాడికి పని సగమే అయినట్టు.

పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చిన్న సుత్తితో జానకొకచోట కొట్టుకుంటూ పోవాలి. గట్టి కలప ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట సన్నటి మొన గుచ్చితే గట్టి చోట ఆగుతుంది, కుళ్లిన చోట దిగిపోతుంది. మేకుల తలల చుట్టూ నల్లటి మరకలుంటే ఇనుము కలపను తినేస్తోందని అర్థం. ఈ పని ఒక పూట పడుతుంది. ఆ పూట ఇవ్వని ఆసామి దగ్గర కొనకపోవడమే క్షేమం.

అపోహ: ఫైబర్ బోటుకు చావు లేదు.

వాస్తవం: ఫైబర్ కుళ్లదు, దాన్ని టెరిడో తొలవదు. నిజమే. కానీ ఫైబర్ పొరల మధ్య చాలా బోట్లలో కలపే దాగి ఉంటుంది: ఇంజన్ కూర్చునే దిమ్మెల్లో, వెనక గోడలో, డెక్కులో. ఎప్పుడో ఒక బోల్టు కోసం వేసిన రంధ్రంలోంచి నీరు దిగితే లోపలి కలప చప్పుడు లేకుండా కుళ్లిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా దిమ్మెల మీద చెయ్యి వేసి చూడండి. దిమ్మె కదులుతుంటే లోపల మెత్తబడినట్టే.

రెండోది బొబ్బలు. నీరు నెమ్మదిగా పై పొరలోంచి ఇంకి, లోపలి రసాయనాలతో కలిసి బుడగల్లా పైకి ఉబ్బుతుంది. ఒక బుడగను గుచ్చితే వెనిగర్ వాసన వేసే పుల్లటి ద్రవం కారుతుంది. ఈ బొబ్బలు ఉప్పునీటిలో కంటే మంచినీటిలో, చల్లటి నీటిలో కంటే వెచ్చటి నీటిలో త్వరగా వస్తాయి. అంటే ఏళ్ల తరబడి భవానీ ద్వీపం చుట్టూ మంచినీళ్లలోనే ఉన్న ఫైబర్ బోటును సముద్రపు బోటు కంటే జాగ్రత్తగా చూడాలి. నాలుగు బొబ్బలకు బేరం వదులుకోనక్కర్లేదు. అడుగంతా చెమటకాయల్లా లేస్తే మాత్రం ధర మీద గట్టిగా మాట్లాడాలి.

ఇనుప బోటు సంగతి క్లుప్తంగా చెబుతాను. అది బయటికంటే లోపలే ఎక్కువ తుప్పు పడుతుంది, ముఖ్యంగా అడుగున మురికినీరు నిలిచేచోట. రేకు మందం కొలిచే అల్ట్రాసోనిక్ పరికరంతో పదిచోట్ల చూపించుకోవాలి. అడుగున బిగించిన జింకు దిమ్మలు సగం కరిగి ఉంటే సంతోషించండి, అవి ఇనుము బదులు తాము అరిగిపోతూ పని చేస్తున్నాయి. కొత్తవాటిలా మెరుస్తూ, పైగా వాటి మీద రంగు వేసి ఉంటే అవి బోటును కాపాడటం లేదు.

అపోహ: పదేళ్లు దాటిన బోటు కొనకూడదు.

వాస్తవం: వయసు కంటే సంరక్షణ ముఖ్యం. భారత నౌకాదళం తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి పొడవు 56 అడుగులు, గోవాలో కట్టారు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులతో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉండటం మనకు గర్వకారణం. అదే పడవ 2024 అక్టోబరులో ఇద్దరు మహిళా అధికారులతో మళ్లీ బయలుదేరి 2025 మేలో రెండో ప్రదక్షిణ ముగించింది. అన్ని వేల మైళ్లు తిరిగిన పడవ రెండోసారీ నిలబడిందంటే ప్రయాణాల మధ్య దానికి జరిగిన సేవే కారణం.

తారిణి మొదటి యాత్రలో మరో పాఠమూ ఉంది. దారిలో చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయించడంతో అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. పాత బోటు కొనేవారు అందరికంటే తక్కువగా చూసేది కూడా ఈ యంత్రాంగాన్నే. పడవ నడుమ కూర్చుని నడిపే తరహా తెరచాప యాట్లలో వెనక విశాలమైన గది దొరుకుతుంది, నడిపేవాడి మీద జల్లు తక్కువ పడుతుంది. కానీ చక్రానికీ చుక్కానికీ దూరం పెరుగుతుంది. మన మరబోట్లలోనూ సరంగు గది నుంచి వెనక చుక్కాని దాకా గొలుసో తీగో నూనె గొట్టాలో చేపల గది పక్కగా, డెక్కు కిందుగా పోతాయి. చక్రం తిరిగితే సరిపోదు. ఆ దారి మొత్తం పలకలు ఎత్తి చూడాలి. మొగ దాటే వేళ అలల మధ్య గొలుసు తెగితే బోటు అడ్డం తిరుగుతుంది.

అపోహ: స్టార్ట్ చేయగానే అందుకుంది, ఇంకేం కావాలి.

వాస్తవం: మీరొచ్చేసరికే వేడెక్కించి పెట్టి ఉండొచ్చు. ముందు ఇంజన్ మీద చెయ్యి వేసి చల్లగా ఉందని తేల్చుకున్నాకే స్టార్ట్ చేయమనండి. నీలం పొగ ఆగకుండా వస్తే నూనె తాగుతోంది. నల్ల పొగ వస్తే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా అడుగున గుల్లలు పేరుకుని భారం పెరిగింది. తెల్ల పొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే లోపలికి నీరు చేరుతోందేమో చూడాలి. ఇంజన్ ఆయిల్ పాలు కలిపినట్టు కనిపిస్తే ఆ అనుమానం రూఢి అయినట్టే. తర్వాత రేవులో కాక సముద్రంలో, కనీసం గంటసేపు పూర్తి వేగంతో నడిపించాలి. షాఫ్ట్ బయటికి వెళ్లేచోట నీటిచుక్క కారితే భయపడేవారున్నారు. తాడు కూరే పాత తరహా బిగింపులో నడుస్తున్నప్పుడు కొద్దిగా చుక్కలు పడాలి, లేకపోతే షాఫ్ట్ వేడెక్కి కాలుతుంది. ధారగా కారితేనే తప్పు.

అపోహ: పెద్ద బోటు కొంటే ఎక్కడికైనా పోవచ్చు.

వాస్తవం: బోటు ఎంత పెద్దదో కాదు, ఎంత లోతు నీరు అడుగుతుందో చూడాలి. గిలకలదిండి మొగ దగ్గర ఇసుక మేటలు వేసి, పెద్ద బోట్లు పోటు కోసం గంటల తరబడి కాచుకోవాల్సి రావడం బందరు మత్స్యకారులకు కొత్త కాదు. చేపలతో తిరిగొచ్చే బోటు నిండుగా ఉంటుంది, ఇంకా లోతు అడుగుతుంది. తెరచాప యాటుకైతే అడుగున ఉండే బరువైన రెక్క వల్ల ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోతు మామూలుగా కావాలి. విజయవాడలో కొని నదిలోంచే సముద్రానికి పోదామనేవారు మర్చిపోతున్నది 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీని. దాని కింద వరద రోజుల్లో తప్ప నది ఇసుక పాయలే. సరుకుల పడవలు బందరు కాలువలో, ఏలూరు కాలువలో నడిచిన కాలం ఎప్పుడో పోయింది. సముద్రానికి పోవాల్సిన బోటు బందరులోనో కాకినాడలోనో ఉండాల్సిందే.

అపోహ: చేపల బోటు చవగ్గా కొని, పైన అంతస్తు వేస్తే విహారపు బోటు అవుతుంది.

వాస్తవం: ఇది మనుషుల్ని చంపే అపోహ. చేపల బోటు బరువును అడుగున మోయడానికి కట్టింది. పైన ఇనుప అంతస్తు, దాని మీద మనుషులు చేరితే బరువు కేంద్రం పైకి జరుగుతుంది. ఫొటో కోసం అందరూ ఒకవైపు వచ్చిన క్షణాన ఒరిగిన బోటు మళ్లీ లేవకపోవచ్చు. చట్టం ప్రకారమూ అది చెల్లదు. నదుల్లో, కాలువల్లో తిరిగే యంత్రపు బోట్లకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్, అర్హతగల సిబ్బంది, బీమా దాని ప్రకారం ఉండాలి. చేపల వేట లైసెన్సు ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి కాదు. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోల్తాపడ్డ బోటుకు అక్కడ జనాన్ని తిప్పే అనుమతి లేదు. 20 మందికి పైగా చనిపోయారు. ఆ బోటు ఎక్కినవారెవరూ కాగితాలు అడిగి ఎక్కలేదు. అడగాల్సిన బాధ్యత కొన్నవాడిది, నడిపేవాడిది.

అపోహ: పాత బాకీలు పాత యజమానివి. బోటు మనదైతే చాలు.

వాస్తవం: సముద్రపు బోట్ల విషయంలో ఇది నిజం కాదు. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ప్రకారం సిబ్బంది జీతాల బకాయి వంటి కొన్ని హక్కులు బోటునే అంటిపెట్టుకుంటాయి, యజమాని మారినా వదలవు. కాబట్టి కళాసీలతో విడిగా మాట్లాడండి. బ్యాంకు అప్పు లేదన్న పత్రం తీసుకోండి. బోటు మీది నంబరు, ఇంజన్ మీద చెక్కిన నంబరు రిజిస్ట్రేషన్ పత్రంతో అక్షరం అక్షరం సరిచూడండి. ప్రభుత్వ రాయితీతో వచ్చిన బోటైతే అమ్మకానికి షరతులున్నాయేమో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. మీ పేరు మీద మార్పిడి అయ్యేదాకా సొమ్ములో కొంత ఆపి ఉంచండి. నోటిమాట మీద కొన్న బోటుకు డీజిల్ రాయితీ రాదు, ప్రమాదం జరిగితే బీమా కూడా అందదు.

అపోహ: నదిలో బోటుకు తాడు కడితే చాలు.

వాస్తవం: 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఎగువన కట్టిన బోట్లు కొట్టుకొచ్చి గేట్ల దగ్గరి కౌంటర్ వెయిట్లను ఢీకొట్టాయి. పదుల టన్నుల బరువున్న ఆ బోట్లను బయటికి తీయడానికి ఇంజినీర్లు, ఈతగాళ్లు రోజుల తరబడి కష్టపడ్డారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మీ బోటు ఎక్కడ ఉంటుంది, దాన్ని పట్టే గొలుసు మందం ఎంత, లంగరు బరువెంత, అర్ధరాత్రి వరద హెచ్చరిక వస్తే ఒడ్డుకు లాగేది ఎవరు? అడ్వాన్సు ఇచ్చే ముందే వీటికి జవాబులు తేల్చుకుని, గొలుసుకూ లంగరుకూ అయ్యే ఖర్చు కూడా బోటు ధరలోనే కలిపి లెక్కవేసుకోవాలి.