ఒంటెల ఊళ్లో పెంకుటింటి తలపు

దోహా నుంచి దుఖాన్ హైవే మీద పడమరకు 20 కిలోమీటర్లు దాటితే అద్దాల మేడలు వెనకబడి, రోడ్డుకు అటూ ఇటూ ఒంటెల దొడ్లు మొదలవుతాయి. అదే అల్ షహానియా. 2014లో ప్రత్యేక మునిసిపాలిటీ అయిన ఈ ఎడారి నేల, పడమటి తీరాన ఉన్న చమురు పట్టణం దుఖాన్ దాకా పరుచుకుని ఉంది.

చలికాలం వస్తే ఇక్కడి రేస్ ట్రాక్‌ మీద సందడే సందడి. పందేల ఒంటెల మీద పిల్లల్ని ఎక్కించడాన్ని 2005లో ఖతార్ నిషేధించింది. ఇప్పుడు మూపు మీద చిన్న రోబో ఉంటుంది. యజమాని పక్క రోడ్డు మీద కారులో ఒంటెతో సమానంగా దూసుకుపోతూ రిమోట్‌తో కొరడా ఆడిస్తాడు. ఆ ఒంటెలకు మేత వేసి, నడిపించి, తిరిగి కట్టేసే చేతులు మాత్రం ఎక్కువగా పరదేశులవే.

కదిలొచ్చిన ఇల్లు

అల్ షహానియా పట్టణానికి దగ్గర్లో, అల్ సమ్రియాలో షేక్ ఫైసల్ బిన్ ఖాసిం అల్ థానీ మ్యూజియం ఉంది. 1998లో మొదలైంది. పాతకాలపు కార్లు, తివాచీలు, రాతప్రతుల నడుమ డమాస్కస్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టిన ఒక ఇల్లు కనిపిస్తుంది. డబ్బుంటే ఇల్లు కూడా దేశాలు దాటుతుంది.

డబ్బుతో పనిలేకుండానే ఆ పని కవిత్వం చేసిపెట్టింది. ఆరో శతాబ్దపు అరబ్బు కవి ఇమ్రుల్ ఖైస్ తన ప్రసిద్ధ కావ్యాన్ని ఖాళీ అయిన విడిది దగ్గర ఆగి కన్నీళ్లు పెట్టుకోవడంతో ఎత్తుకున్నాడు. మేత వెతుక్కుంటూ తిరిగే జాతికి పాత ఇల్లంటే పొయ్యి రాళ్లు, గుడారపు గుర్తులే. మన దేశంలో ఇల్లు చోటు మారదు, మనుషులే వెళ్లిపోతారు. కమలా దాస్ 1965 నాటి తొలి సంపుటిలోనే అమ్మమ్మ ఇంటి కోసం అలమటించింది. చికాగోలో స్థిరపడ్డ ఎ.కె. రామానుజన్, వచ్చిన ఏ వస్తువునూ బయటికి పోనివ్వని పెద్దింటిని నవ్వుతూనే తలచుకున్నాడు. గోరటి వెంకన్న ‘కుబుసం’ సినిమా పాటలో ఒక ఇంటితో ఆగక, చేతివృత్తులు కూలిన ఊరు మొత్తానికీ ఏడ్చాడు.

స్లాబు పడ్డాక

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కథలో ఇంకో మెలిక ఉంది. ఖతార్ పోయినా ఊళ్లో ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. నెలకు 1,000 రియాళ్ల కనీస మూలవేతనం 2021 మార్చి నుంచి అక్కడ చట్టం. ఏజెంటు అప్పుకు మిత్తి కట్టి, ఇంటి ఖర్చులు పోను మిగిలింది సిమెంటూ ఇసుకా అవుతుంది. గూనపెంకుల ఇల్లు దిగుతుంది, స్లాబు లేస్తుంది. కొత్త ఇంటిని గది గదికీ వీడియో కాల్‌లో చూపిస్తారు. అందులో దాన్ని కట్టించినవాడు ఉండేది సెలవులకు వచ్చినన్నాళ్లే. కలలోకి వచ్చేది మాత్రం చిన్నప్పటి అర్రలు, వానకు కారే చూరు. తలపోసే ఇంటిని తన కష్టార్జితంతో తనే పడగొట్టించాడు. అయినా తప్పు చేశానని అనుకోడు, అనుకోవాల్సిన పనీ లేదు. కారే ఇంట్లో అమ్మను ఎన్నేళ్లు ఉంచుతాడు?

సిరిసిల్ల వైపు మరికొందరికి ఆ ఎంపిక కూడా దక్కలేదు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు మిడ్ మానేరు జలాశయం నీళ్ల కింద చేరాయి. పునరావాస కాలనీల్లో చిరునామా దొరికింది, వాకిలి దొరకలేదు. ఆ ఊళ్ల నుంచి ఎడారికి పోయినవాడికి ఇమ్రుల్ ఖైస్‌కు మిగిలిన విడిది గుర్తులు కూడా మిగల్లేదు.

2024 నవంబరులో దోహాలో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు జరిగింది. షహానియా అక్కడికి గంట దూరం కూడా లేదు. పెంకుటిల్లు పోయిందని బెంగపడే కవితలు మనకు కొదవ లేదు. దాన్ని ఎవరి జీతం కూల్చింది, ఎందుకు కూల్చాల్సి వచ్చింది, కొత్త గోడల మీద ఇంకా ఎంత అప్పుంది అని అడిగే కవిత కావాలి. దాన్ని రాయడానికి ఒంటెల దొడ్డిలో పనిచేసేవాడికి ఉన్న హక్కు, మేడ మీద బాల్కనీలో కూర్చుని ఊరిని తలుచుకునే నాలాంటివాళ్లకు లేదు.