మాజూర్ పిల్లలు డాక్టర్ కాలేరా? చట్టం ఏమంటోంది, ఇంట్లో ఏం చేయాలి

ఇంటర్ బైపీసీలో చేర్చే ముందు మన ఇళ్లల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. "పిల్ల తెలివైందే, కానీ కాలు సరిగా లేదు కదా. డాక్టర్ చదువు ఎట్లా చదువుతుంది? ఏదో డిగ్రీలో చేర్పిద్దాం." అమ్మీ, అబ్బా ఈ మాట ప్రేమతోనే అంటారు. అయితే చట్టం మాత్రం అట్లా అనడం లేదు.

నల్లగొండకు వైకల్యం కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన మనుషుల్ని ఈ జిల్లా తరాలుగా చూసింది. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయే దాకా ఆ బాధను అందరికీ చూపించారు. ఇట్లాంటి చోట, నొప్పి అంటే ఏంటో సొంత శరీరంతో తెలిసిన డాక్టర్ వస్తే రోగులకే మేలు.

సీట్లు ఎట్లా వస్తాయి?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాల, నారాయణపేటలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అంటే సీటు వస్తే ఇంటికి దగ్గర్లోనే చదివే అవకాశం కూడా ఉంది.

ఈ కోటా ప్రతి కేటగిరీ లోపల విడిగా అమలవుతుంది. కాబట్టి బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్న పిల్లలు దాన్నీ, వైకల్య సర్టిఫికెట్‌నూ రెండూ పెట్టుకోవచ్చు. ఒకటి పెడితే రెండోది పోతుందన్న భయం వద్దు.

నీట్‌లో జనరల్ వాళ్లు అర్హత పొందడానికి 50 పర్సంటైల్ రావాలి. వైకల్యం ఉన్న జనరల్ అభ్యర్థులకు 45, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, వంద మందిలో మన వెనకాల ఎంతమంది ఉన్నారన్న లెక్క. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట అదనపు సమయం కూడా ఇస్తారు.

కోర్టు మార్చిన లెక్క

అసలు అడ్డంకి ఇన్నాళ్లూ మెడికల్ బోర్డు దగ్గర ఉండేది. 2019 నిబంధనల్లో "రెండు చేతులూ పూర్తిగా ఉండాలి" అని రాశారు. శాతం కాస్త ఎక్కువైనా, వేళ్లు లేకపోయినా సీటు ఆగిపోయేది.

2024 అక్టోబర్ 15న ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మార్చింది. శాతం చూసి మాత్రమే పక్కన పెట్టకూడదని, ఆ మనిషి చదువు పూర్తి చేయగలరా లేదా అన్నది బోర్డు తేల్చాలని, కాదంటే కారణం రాయాలని చెప్పింది. 2025 ఫిబ్రవరి 21న అన్మోల్ కేసులో "రెండు చేతులూ" అన్న పట్టుదలను కూడా తప్పుపట్టింది. ఆ తర్వాత 2025 జులైలో జాతీయ వైద్య కమిషన్ మధ్యంతర మార్గదర్శకాలు ఇచ్చింది. తాను ఏ పనులు చేసుకోగలరో అభ్యర్థే రాసిచ్చే అఫిడవిట్ అందులో భాగం.

మీరు చేయాల్సినవి

మొదటిది యూడీఐడీ కార్డు. మన దగ్గర పెద్దవాళ్లు ఇప్పటికీ "సదరం సర్టిఫికెట్" అంటారు. పదో తరగతిలోనే దీని పని మొదలుపెట్టండి. పేరు ఆధార్‌లో, మెమోలో, కార్డులో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన పేర్లలో మొహమ్మద్, ఎండీ, షేక్, ఎస్‌కే అన్న తేడాలతోనే చాలా ఫైళ్లు ఆగుతాయి.

రెండోది, నీట్ ఫారంలో వైకల్యం గడి తప్పకుండా నింపాలి. సిగ్గుపడి వదిలేస్తే తర్వాత కౌన్సెలింగ్‌లో ఇబ్బంది.

మూడోది, బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు పిల్లలు రోజూ వాడే కాలిపర్, వినికిడి మిషన్, కర్ర ఏదైనా సరే వెంట తీసుకెళ్లాలి. అవి పెట్టుకుని ఏం చేయగలరో చూపించాలి. అక్కడ పిల్లల తరఫున మనం మాట్లాడొద్దు, వాళ్లనే మాట్లాడనివ్వాలి.

నాలుగోది, బోర్డు కాదంటే కారణం కాగితం మీద అడగండి. వికలాంగులకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు. కౌన్సెలింగ్ తేదీలు ఆగవు కాబట్టి ఆలస్యం చేయొద్దు. నిబంధనలు ఏటా మారుతుంటాయి, ఆ సంవత్సరం కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

ముందు నడిచినవాళ్లు

డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదం జరిగి నడుం కింది భాగం చచ్చుబడినా, వెల్లూరు సీఎంసీలో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఎనిమిదేళ్లకే పోలియో వచ్చిన డాక్టర్ సురేశ్ అద్వానీ దేశంలో పేరున్న క్యాన్సర్ వైద్యుడయ్యారు, 2012లో పద్మభూషణ్ అందుకున్నారు. మూడడుగుల ఎత్తున్న గణేశ్ బరైయా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2019లో భావ్‌నగర్ ప్రభుత్వ కాలేజీలో చేరి డాక్టరయ్యారు.

కష్టం లేదని ఎవరూ చెప్పలేరు. ర్యాంపు లేని హాస్టల్, పనిచేయని లిఫ్ట్, రాత్రి డ్యూటీలు అన్నీ ఎదురవుతాయి. అయితే ఎంబీబీఎస్ తర్వాత రేడియాలజీ, పాథాలజీ, సైకియాట్రీ లాంటి దారులు ఎన్నో ఉన్నాయి. ఏది కుదురుతుందో ఆ పిల్లలే తేల్చుకుంటారు.

హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి.) చూపు లేనివారు. ప్రవక్త (స.అ.స.) ఆయన్ను ముఅజ్జిన్‌గా పెట్టారు, తాను బయటికి వెళ్లినప్పుడు మదీనా బాధ్యత కూడా అప్పగించారు. ఆ వాకియా మన పిల్లలకు చెబుతూనే, "నీ వల్ల కాదు బేటా" అని కూడా మనమే అంటున్నాం. పదో తరగతి ఫలితాలు వచ్చే లోపు యూడీఐడీకి దరఖాస్తు పెట్టండి. మిగతాది పిల్ల చదువుకుంటుంది.