గల్లాపెట్టె ఖాళీగా ఉంటే దొంగకేం పని?

నిట్, కాకతీయ విశ్వవిద్యాలయం వల్ల వరంగల్, హనుమకొండల్లో అద్దె గదులకు, హాస్టళ్లకు గిరాకీ ఎక్కువ. అలాంటి భవనంలో అందరికీ కలిపి నాణెం వేస్తే తిరిగే వాషింగ్ మెషీన్ పెడితే, యజమానికి మొదటి బెంగ దొంగతనమే. గట్టి తాళం దొంగను కాసేపు ఆలస్యం చేస్తుంది, సీసీ కెమెరా జరిగింది చూపిస్తుంది. రెండూ అవసరమే, కానీ దొంగను రప్పించేది పెట్టెలో పేరుకున్న డబ్బు. దాన్ని తీసేయడమే అసలు రక్షణ. ఇందుకు దారి ఇక్కడే ఉంది. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాల వికాస సంస్థ ఊళ్లలో పెట్టించిన మంచినీటి ప్లాంట్లలో ముందే డబ్బు కట్టిన కార్డుతో నీళ్లు పట్టుకునే పద్ధతి తెచ్చింది. అక్కడ కుళాయి దగ్గర నగదు ఉండదు. వాషింగ్ మెషీన్‌కూ ఇదే పద్ధతి పెట్టవచ్చు.

2016లో యూపీఐ వచ్చింది కదా, ఫోన్‌తో చెల్లిస్తే చాలదా అనవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేనివారికి అది అంత సులువు కాదు, కార్డు సులువే. కొత్త పరికరానికి ఖర్చెక్కువ అనేవారు నాణేలనే ఉంచుకోవచ్చు. అయితే పెట్టెను రోజూ ఖాళీ చేయాలి, మెషీన్ ఎన్నిసార్లు తిరిగిందో ఆ లెక్కతో వసూలును ఇద్దరు సరిచూడాలి. తాళంచెవి ఉన్నవారి చేతివాటాన్ని పట్టించేది ఆ లెక్కే. అద్దెకున్న వారందరినీ అనుమానించడం కంటే ఈ క్రమశిక్షణే న్యాయం.