తెలుగు పాఠకునికి సుగమమైన వెబ్‌సైటు

గ్రంథాలయమున గ్రంథముండుటయు, అది పాఠకునికి దొరకుటయు ఒక్కటి కావు. బీరువాలోనున్నను పట్టికకెక్కని పుస్తకము లేనిదానితో సమానము. వెబ్‌సైటు విషయమునను ఇదియే న్యాయము. దాని సౌష్ఠవము రంగులలోను, బొమ్మలలోను లేదు. వచ్చిన పాఠకుడు కోరినదానిని ఎంత తక్కువ శ్రమతో పొందగలడన్న దానిలోనే ఉన్నది.

ఈ విషయమును విచారించుటకు ఖరగ్‌పూరు తగిన స్థలము. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చిన పిమ్మట ఆంధ్రతీరమునుండి అనేక కుటుంబములు ఉద్యోగార్థమై ఇచ్చట స్థిరపడినవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు అంగీకరించినపుడు ఈ పట్టణపు తెలుగువారే ప్రధానముగా దృష్టియందుండిరి. ఇచ్చటి ఐ.ఐ.టి. నిర్మించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూన్ 19న జాతికి అంకితమైనది. వివిధ సంస్థలలోనున్న గ్రంథముల వివరములను అది ఒక్కచోట చేర్చి, వెదకువారిని మూలస్థానమునకు పంపును. కనుక పాఠకునికి పుస్తకముకంటె ముందుగా పుస్తక వివరము ఎదురగును. వివరము తప్పినచో ద్వారము మూసికొన్నట్లే.

ఈ ఊరి పేరే ఇందుకు నిదర్శనము. ‘ఖరగ్‌పూర్’ అని కంప్యూటరులో వ్రాయునపుడు గకారపు పొల్లు పిమ్మట కంటికి కానరాని సంకేతమొకటి ఉంచవలెను. దానిని విడిచినచో పకారము వత్తుగా క్రిందికి దిగి ‘ఖరగ్పూర్’ అగును. చదువరికి రెండును ఒకే ఊరు. యంత్రమునకు వేర్వేరు పదములు. ‘ఖరగ్‌పూరు’ అన్నచో మూడవది. ‘విశ్వనాథ’ అని ఒకరును, ‘విశ్వనాధ’ అని ఒకరును వ్రాసిన చోటను ఇదే చిక్కు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రణాళికలో అనేక తెలుగు గ్రంథముల పేర్లు రోమను లిపిలో, పలు వర్ణక్రమములతో నమోదైనవి. వాటిని తెలుగు లిపిలోనికి మార్చి పట్టికలు కూర్చుటకు తెలుగు వికీపీడియా కార్యకర్తలు పూనుకొనవలసివచ్చినది.

కనుక వెబ్‌సైటు నిర్మాత చేయవలసిన మొదటి పని పాఠకుని తప్పును సహించుట. ఒకే పేరునకు గల రూపాంతరములన్నిటిని ఒక్కచోటికి చేర్చు ఏర్పాటుండవలెను. తెలుగు మాటలాడగలిగియు లిపి నేర్వని ప్రవాసాంధ్ర బాలురకు రోమను అక్షరములతో వెదకు వీలుండవలెను. రెండవది అక్షరముల అమరిక. తెలుగున గుడులు, ఏత్వములు పైన, వత్తులు క్రింద ఉండును; ఇంగ్లీషునకు సరిపడు పంక్తుల ఎడము వీటికి చాలదు. మూడవది, పాఠమును బొమ్మగా గాక అక్షరములుగానే నిలుపుట. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణముననే తెలుగునకు స్థానము లభించినది. అట్లు నిలిపిన పాఠమును వెదకవచ్చును. కన్నులు లేనివారికి యంత్రము చదివి వినిపింపవచ్చును. బొమ్మయందు ఈ రెండు సౌకర్యములును నేరుగా లభింపవు.

ఖరగ్‌పూరు చెంతనున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ పేరు విన్నపుడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు స్మరణకు వచ్చుట సహజము. ఆయన 1820లో జన్మించిన బీర్‌సింహ గ్రామము నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనిదే. 1855లో ప్రకటించిన ‘వర్ణపరిచయము’న ఆయన బెంగాలీ వాడుకలో లేని ౠ, ౡ కారములను తొలగించి, 12 అచ్చులు, 40 హల్లులుగా వర్ణమాలను దిద్దెను. చదువరి అవసరమునుబట్టి అక్షరముల క్రమమును సవరించుట పాండిత్యమునకు లోపము కాదని ఆ మహాపండితుని కృషియే చాటుచున్నది. పలక పట్టిన బాలునికి ఆయన చూపిన శ్రద్ధనే నేడు తెరముందు కూర్చున్న పాఠకునికి చూపవలసియున్నది.

ఈ భారము యంత్రజ్ఞులదే యనుకొనుట పొరపాటు. తన పేరును ఒకే వర్ణక్రమముతో ఎల్లెడల వ్రాయుట, గ్రంథనామమును తెలుగున, రోమను లిపిలోను ఇచ్చుట, ముద్రణ సంవత్సరమును, ప్రకాశకుని పేరును విడువకుండుట రచయిత చేయదగిన పనులు. అచ్చుచిత్తు దిద్దుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఏండ్లు శ్రమించి వ్రాసిన కావ్యము ఒక్క కానరాని సంకేతము లోపించి పాఠకునికి దూరమగుట కంటె భాషకు వేరు నష్టమేమున్నది?